ఫార్మకాలజీ గుర్తుండాలంటే: నర్సింగ్ పిల్లలకు మొదటి కార్డు నుంచి వైవా దాకా

ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ కొత్త సిలబస్‌లో బీఎస్సీ నర్సింగ్ వాళ్ళకు ఫార్మకాలజీ థర్డ్ సెమ్‌లో 20 గంటలు, ఫోర్త్ సెమ్‌లో 60 గంటలు. థర్డ్ సెమ్‌లో "ఒక్క క్రెడిటే కదా, చూద్దాంలే" అని వదిలేసినవాళ్ళకు ఫోర్త్ సెమ్‌లో నరాల మందులు, హార్మోన్లు, గర్భిణులకు వాడే మందులు అన్నీ ఒకేసారి మీద పడతాయి. అప్పుడు చేసేది ఒకటే, హాస్టల్లో అర్ధరాత్రి దాకా మేల్కొని పేర్లు వల్లె వేయడం. పొద్దున పరీక్ష రాసి, సాయంత్రానికి మర్చిపోవడం.

పది దాకా తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్ళు మన తిరుపతి, చిత్తూరు కాలేజీల్లో చాలామందే ఉంటారు. వాళ్ళ టెన్షన్ మందుల గురించి కాదు, ఇంగ్లిష్ పేర్ల గురించి. నిజానికి ఆ పేర్లు ఎవరికీ మాతృభాష కాదు, ఇంగ్లిష్ మీడియం వాళ్ళకూ అవి కొత్తవే. కాబట్టి ఆ దిగులు పక్కన పెట్టండి.

పద్ధతి మొత్తం ఒక్క మాటలో చెప్పేస్తాను, మిగతాదంతా దాని వివరణే. మందును ఒంటరిగా బట్టీ పట్టొద్దు. దాని కుటుంబాన్ని పట్టుకుని, ఆ కుటుంబానికి మూడు ప్రశ్నలు వేయండి: ఇచ్చే ముందు ఏం చూడాలి? ఇచ్చాక ఏం కనిపెట్టుకుని ఉండాలి? ఎప్పుడు ఆపి డాక్టర్‌కి చెప్పాలి? మందు ఎలా పనిచేస్తుందన్నది ఒక్క వాక్యంలో తెలిస్తే చాలు, కానీ ఈ మూడూ నిద్రలో లేపి అడిగినా రావాలి. పేషెంట్ చేతికి మాత్ర అందేముందు దాన్ని ఆఖరున చూసేది నర్సే.

మొదట తోకలు నేర్చుకోండి

మందుల జెనెరిక్ పేర్లు (కంపెనీ పెట్టే బ్రాండ్ పేరు కాదు, మందు అసలు పేరు) ఇష్టమొచ్చినట్టు పెట్టినవి కావు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వీటికి అంతర్జాతీయ పేర్లు ఖరారు చేస్తుంది, మొదటి జాబితా 1953లో వచ్చింది. ఒకే రకంగా పనిచేసే మందులకు పేరు చివర ఒకే తోక తగిలిస్తారు. తోక తెలిస్తే మందు ఎప్పుడూ చూడకపోయినా సగం కథ తెలిసిపోతుంది.

ముందు బీపీ, గుండె తోకలు పట్టండి, వార్డులో ఎక్కువగా కనబడేవి అవే. "ఓలోల్" అని ముగిస్తే బీటా బ్లాకర్: మెటోప్రొలోల్, అటెనొలోల్. "ప్రిల్" అయితే ఏస్ ఇన్హిబిటర్: ఎనలాప్రిల్, రామిప్రిల్. "సార్టాన్" అంటే టెల్మిసార్టాన్, లోసార్టాన్. "డిపిన్" అంటే అమ్లోడిపిన్, నిఫెడిపిన్. కొలెస్ట్రాల్‌కి "స్టాటిన్". కడుపులో ఆసిడ్‌కి "ప్రజోల్", వాంతులకు "సెట్రాన్". యాంటీబయాటిక్స్‌లో "సిలిన్", "ఫ్లాక్ససిన్" తోకలు, "సెఫ్" మాత్రం తోక కాదు, తల. షుగర్‌కి "గ్లిప్టిన్", "గ్లిఫ్లోజిన్". రక్తం గడ్డకట్టకుండా "పారిన్", "క్సబాన్".

ఇవన్నీ ఒక్క రోజులో వద్దు. రోజుకు రెండు తోకలు చాలు, ఒక్కోదానికి రెండు మందుల పేర్లు రాసుకోండి.

తోకల్లో మోసాలు కూడా ఉన్నాయి, వైవాలో ఎగ్జామినర్లు అడిగేవి ఇవే. నైస్టాటిన్ చివర "స్టాటిన్" ఉంది కానీ దానికీ కొలెస్ట్రాల్‌కీ సంబంధం లేదు, అది నోట్లో వచ్చే ఫంగస్ పూతకు వాడేది. పాంటొప్రజోల్ కడుపుకి, ఫ్లూకొనజోల్ ఫంగస్‌కి, మెట్రోనిడజోల్ అమీబాకీ గాలి లేనిచోట పెరిగే బాక్టీరియాకీ, అరిపిప్రజోల్ మానసిక జబ్బుకి. కాబట్టి "జోల్" చూసి తొందరపడకండి, దాని ముందు అక్షరాలు కూడా చూడండి. "మైసిన్" అయితే మరీ గందరగోళం: జెంటామైసిన్, అజిత్రోమైసిన్, క్లిండామైసిన్, వాంకోమైసిన్ నాలుగూ నాలుగు వేర్వేరు ఇళ్ళవి. మైసిన్‌ని కుటుంబంగా అసలు లెక్కపెట్టకండి.

వార్డులో వినబడేవి బ్రాండ్ పేర్లు

క్లాసులో ఫ్యూరోసెమైడ్ అంటారు, డ్యూటీలో సీనియర్ సిస్టర్ "లాసిక్స్ వేశావా అమ్మా?" అంటుంది. ఒండాన్‌సెట్రాన్‌ని ఎమెసెట్ అంటారు, సెఫ్ట్రియాక్సోన్‌ని మోనోసెఫ్ అంటారు, ఫెనిరమైన్‌ని ఎవిల్ అంటారు, హైడ్రోకార్టిసోన్‌ని ఎఫ్‌కార్లిన్ అంటారు. డెరిఫిలిన్ లోపల ఒకటి కాదు, రెండు మందులు ఉంటాయి: ఇటోఫిలిన్, థియోఫిలిన్. మీ పోస్టింగ్ తిరుపతి రుయా ఆస్పత్రిలో పడినా, స్విమ్స్‌లో పడినా, చిత్తూరు జిల్లా ఆస్పత్రిలో పడినా యాప్రన్ జేబులో పట్టే చిన్న నోట్‌బుక్ ఒకటి పెట్టుకుని, ఎడమవైపు విన్న బ్రాండ్, కుడివైపు జెనెరిక్, చివర తోక రాసుకోండి. ఇంట్లో నాయనమ్మ బీపీ మాత్రల స్ట్రిప్ కూడా పాఠమే, తిప్పి చూస్తే జెనెరిక్ పేరు ఉంటుంది. జన ఔషధి దుకాణాల స్ట్రిప్పులైతే ఇంకా మంచిది, వాటి మీద జెనెరిక్ పేరే పెద్దగా కనబడుతుంది.

ఒకేలా వినబడే జతలకు ఆ నోట్‌బుక్‌లో వేరే పేజీ పెట్టండి. ట్యాక్సిమ్ అంటే సెఫోటాక్సిమ్ ఇంజెక్షన్, ట్యాక్సిమ్-ఓ అంటే సెఫిక్సిమ్ మాత్ర. డోపమైన్, డోబుటమైన్. ఈ పేజీ పరీక్షలకన్నా ఉద్యోగంలో ఎక్కువ పనికొస్తుంది.

కార్డు ఎలా రాయాలి

కార్డు అంటే ఒకవైపు పేరు, ఇంకోవైపు జవాబు రాసుకునే చిన్న అట్టముక్క. పుస్తకంలో ఉన్నదంతా దాని మీదకు ఎక్కిస్తే అది కార్డు కాదు, ఇంకో పుస్తకం. ముందువైపు కుటుంబం పేరు, ఇద్దరు సభ్యులు. వెనక ఒక వాక్యంలో పని, తర్వాత మూడు ప్రశ్నలకు జవాబులు. అంతే, ఇంకేమీ వద్దు.

ఫ్యూరోసెమైడ్ కార్డు చూడండి. పని: కిడ్నీలో ఉప్పునీ నీళ్ళనీ బయటికి తోస్తుంది, వాటితోపాటు పొటాషియం కూడా పోతుంది. ముందు: బీపీ, పొటాషియం రిపోర్టు, బరువు. తర్వాత: యూరిన్ ఎంత వచ్చింది, రోజూ ఒకే వేళకి బరువు, లేచి నిలబడితే కళ్ళు తిరుగుతున్నాయా, ఐవీ (నరంలోకి) ఇస్తే మెల్లగానే ఎక్కించామా (వేగంగా నెట్టేస్తే చెవికి దెబ్బ). ఆపి చెప్పాల్సింది: బీపీ బాగా పడిపోయినా, పొటాషియం తక్కువున్నా. చివర ఒక బాణం గుర్తు పెట్టి "డిగాక్సిన్ కార్డు చూడు" అని రాయండి, ఎందుకంటే పొటాషియం తగ్గినవాళ్ళలో డిగాక్సిన్ అనే గుండె మందు విషంగా మారడం తేలిక. ఇలా బాణాలు వేసుకుంటూ పోతే కార్డులు ఒకదాన్నొకటి గుర్తుచేస్తాయి. నా మట్టుకు కార్డులో అసలు విలువ ఆ బాణానిదే.

కార్డులు కొనుక్కోకండి, పక్కవాళ్ళవి జిరాక్స్ తీయించకండి. కార్డు రాయడంలోనే సగం చదువు అయిపోతుంది.

తెలుగులో గుర్తులు కట్టుకోండి

ఇంగ్లిష్ నెమోనిక్స్ (గుర్తుపెట్టుకోడానికి కట్టే మాటలు) ఇంటర్నెట్ నిండా ఉన్నాయి. వాటిని గుర్తుపెట్టుకోడానికి ఇంకో నెమోనిక్ కావాలి, అదీ బాధ. మన భాషలో ప్రాస కట్టుకుంటే నాలుక మీద నిలుస్తుంది. నేను పిల్లలకు చెప్పేవి కొన్ని ఇస్తున్నాను, ఇంతకన్నా మంచివి మీకు తోస్తే అవే వాడండి.

ప్రిల్ అంటే అయిదు "ప"లు: ప్రెషర్ పడిపోతుంది (ముఖ్యంగా మొదటి డోసుకు), పొడి దగ్గు, పొటాషియం పెరుగుదల, పెదాల వాపు, ప్రెగ్నెన్సీలో పనికిరాదు. ఇందులో పెదాల వాపు వినడానికి చిన్నగా ఉంటుంది కానీ అన్నిటికన్నా ప్రమాదం అదే, నాలుక, గొంతు కూడా వాచి ఊపిరి అడ్డుపడవచ్చు. సార్టాన్‌కి కూడా ఇదే లిస్టు, పొడి దగ్గు మాత్రం చాలా అరుదు. అందుకే దగ్గు తట్టుకోలేనివాళ్ళకు ప్రిల్ తీసేసి సార్టాన్ రాస్తారు.

ఓలోల్ అంటే అన్నీ "లో": పల్స్ లో, బీపీ లో, షుగర్ లో అయినా ఆ గుర్తులు లోలోపలే దాక్కుంటాయి. షుగర్ పడిపోతే గుండె దడ, వణుకు వచ్చి మనిషిని హెచ్చరిస్తాయి. బీటా బ్లాకర్ వాటిని నొక్కేస్తుంది, చెమట మాత్రం పడుతుంది. కాబట్టి ఓలోల్ వాడే షుగర్ పేషెంట్‌కి ఒళ్ళు చెమటతో తడిసిందంటే ముందు గ్లూకోమీటర్ తీయండి. ఆస్తమా ఉందా అని అడగడం, పల్స్ 60 కన్నా తక్కువుంటే డోసు ఆపి చెప్పడం దీనికి తోడు. ఇంకోటి, మాత్రలు హఠాత్తుగా మానేయొద్దని పేషెంట్‌కి చెప్పాలి.

స్టాటిన్‌కి మూడు "క"లు: కొలెస్ట్రాల్ తగ్గుతుంది, కండరాలు నొప్పెడతాయి, కాలేయం చూసుకోవాలి. జెంటామైసిన్, అమికాసిన్‌లకు "మ": మూత్రపిండం, చెవిలో మోత. యూరిన్, క్రియాటినిన్ చూడాలి, "చెవిలో ఏమన్నా శబ్దం వస్తోందా పెద్దాయనా?" అని రోజూ అడగాలి.

టీబీ మందులు నాలుగింటికి: రిఫాంపిసిన్‌కి రంగు (యూరిన్, కన్నీళ్ళు నారింజ రంగులోకి మారతాయి, భయపడొద్దని ముందే చెప్పాలి), ఐసోనియజిడ్‌కి అరికాళ్ళ మంట, తిమ్మిరి (అందుకే పిరిడాక్సిన్ ఇస్తారు), పైరజినమైడ్‌కి పట్టేసే కీళ్ళు (యూరిక్ ఆసిడ్ పెరిగి), ఇథాంబ్యూటాల్‌కి కంటిచూపు (ఎరుపు, పచ్చ తేడా తెలియకపోవడం). మొదటి మూడూ కాలేయాన్ని దెబ్బతీయవచ్చు కాబట్టి కళ్ళు పసుపెక్కాయా అన్నది ప్రతిసారీ చూడండి.

స్టెరాయిడ్లకు ప్రాస కట్టడం వృథా, లిస్టు పెద్దది. ఒక మనిషిని ఊహించుకోండి: గుండ్రటి ముఖం, పెరిగిన షుగర్, ఉబ్బిన కాళ్ళు, మంట పుట్టే కడుపు, గుల్లబారిన ఎముకలు, మానని పుండు. ఆ మనిషి చేతిలో ఒక బోర్డు: "నన్ను ఉన్నట్టుండి ఆపకండి".

ప్రమాదకరమైన మందులకు ఎక్కువ సమయం ఇవ్వండి

అన్ని చాప్టర్లకూ సమానంగా టైమ్ పంచడం న్యాయంలా కనబడుతుంది కానీ అనవసరం. విటమిన్ల దగ్గర పొరపాటైతే పెద్దగా ఏమీ కాదు, ఇక్కడ చెప్పబోయేవాటి దగ్గర ప్రాణం పోతుంది.

మెగ్నీషియం సల్ఫేట్. మెటర్నిటీ పోస్టింగ్‌లో గర్భిణికి ఫిట్స్ వస్తే ఇచ్చేది ఇదే. గుర్తు: మోకాలు ఎగరాలి, మూత్రం రావాలి, ఊపిరి ఆడాలి. ప్రతి తర్వాతి డోసుకు ముందు మోకాలి రిఫ్లెక్స్ ఉండాలి, గడిచిన 4 గంటల్లో గంటకు కనీసం 30 ఎంఎల్ యూరిన్ వచ్చి ఉండాలి, శ్వాస నిమిషానికి 16కి తగ్గకూడదు. ఈ మూడే ఎందుకో తెలిస్తే మరి మర్చిపోరు. ఈ మందు బయటికి పోయే దారి కిడ్నీ, అది పనిచేయకపోతే రక్తంలో పేరుకుంటుంది. పేరుకున్నప్పుడు మొదట పోయేది రిఫ్లెక్స్, ఆ తర్వాతే ఊపిరి. అంటే మోకాలు మనకు ముందే హెచ్చరిక ఇస్తోందన్నమాట. విరుగుడు కాల్షియం గ్లూకొనేట్, 10 శాతం ద్రావణం 10 ఎంఎల్ నెమ్మదిగా ఐవీ. అది మంచం పక్కనే ఉండాలి, స్టోర్‌లో కాదు. మన దగ్గర దొరికే 50 శాతం ఆంప్యూల్ 2 ఎంఎల్‌లో 1 గ్రాము ఉంటుంది, కాబట్టి ఒక పిరుదులో 5 గ్రాములు అంటే అయిదు ఆంప్యూళ్ళు.

ఇన్సులిన్. మన దేశంలో వయల్స్ చాలావరకు ఎంఎల్‌కి 40 యూనిట్లవి, పెన్నులు 100 యూనిట్లవి. సిరంజీలు కూడా రెండు రకాలు: 40కి ఎర్ర మూత, 100కి నారింజ మూత. 100 యూనిట్ల ఇన్సులిన్‌ని 40 సిరంజీలో 20 గీత దాకా లాగితే లోపలికి వెళ్ళేది 20 కాదు, 50 యూనిట్లు. అటూ ఇటూ మారితే 20కి బదులు 8 యూనిట్లే వెళ్తాయి. వయల్ మీద అంకె, సిరంజీ మూత రంగు రెండూ కలిశాయా అని చూడకుండా లాగొద్దు. రెండు రకాలు కలపాల్సి వస్తే "తేటది ముందు, మబ్బుది తర్వాత": రెగ్యులర్ ముందు, ఎన్‌పీహెచ్ తర్వాత. గ్లార్జిన్ కూడా తేటగానే ఉంటుంది, కానీ దాన్ని దేనితోనూ కలపకూడదు.

పొటాషియం క్లోరైడ్‌ని ఎప్పుడూ నేరుగా ఐవీ పుష్ ఇవ్వకూడదు, పలచన చేసి మెల్లగా మాత్రమే ఎక్కించాలి. నేరుగా నెడితే గుండె ఆగిపోతుంది. 15 శాతం ఆంప్యూల్ 10 ఎంఎల్‌లో 20 మిల్లీ ఈక్వివలెంట్లు ఉంటాయి. హెపారిన్ వయల్స్ ఎంఎల్‌కి 1000 యూనిట్లవీ, 5000 యూనిట్లవీ రెండూ ఉంటాయి, చూడ్డానికి దాదాపు ఒకేలా. డిగాక్సిన్ అయితే ఛాతీ మీద స్టెత్ పెట్టి పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టాలి, పెద్దవాళ్ళలో 60 కన్నా తక్కువుంటే ఆపి చెప్పాలి. ఆకలి లేదు, వికారంగా ఉంది, లైటు చుట్టూ పసుపుపచ్చ వలయాలు కనబడుతున్నాయి అని పేషెంట్ అంటే అది గ్యాస్ ట్రబుల్ కాదు.

విరుగుడులు వేరే కార్డు: మార్ఫిన్‌కి నాలోక్సోన్, డయజిపామ్‌కి ఫ్లూమజెనిల్, హెపారిన్‌కి ప్రోటమిన్, వార్ఫరిన్‌కి విటమిన్ కె, పారాసిటమాల్‌కి ఎసిటైల్‌సిస్టీన్, ఐరన్‌కి డెస్‌ఫెరియాక్సమిన్.

మన ప్రాంతం నేర్పే రెండు పాఠాలు

పుస్తకంలో అటానమిక్ నర్వస్ సిస్టమ్ చాప్టర్ చూసి ఏడవని స్టూడెంట్ లేరు. మన దగ్గర పొలాల ఊళ్ళ నుంచి పురుగుమందు తాగి వచ్చిన కేసు ఒక్కటి క్యాజువాలిటీలో దగ్గరుండి చూస్తే ఆ చాప్టర్ మొత్తం కళ్ళ ముందే ఉంటుంది. ఆర్గనోఫాస్ఫేట్ విషంలో అన్నీ కారతాయి: చొంగ, కన్నీళ్ళు, చెమట, విరేచనం, మూత్రం, ఊపిరితిత్తుల్లో నీరు. కంటిపాప సూదిమొనంత అవుతుంది, పల్స్ పడిపోతుంది. దాని విరుగుడు అట్రోపిన్ పడితే అన్నీ ఎండుతాయి: నోరు ఎండుతుంది, చంకలు పొడిబారతాయి, పాప పెద్దదవుతుంది, గుండె వేగం పెరుగుతుంది. "విషం కారుస్తుంది, అట్రోపిన్ ఎండబెడుతుంది" అని ఒక్క వాక్యం రాసుకోండి, కోలినర్జిక్ (కార్చేవి), యాంటీకోలినర్జిక్ (ఎండబెట్టేవి) రెండు లిస్టులూ దానిలోనే ఉన్నాయి.

అట్రోపిన్ సరిపోయిందా అన్నది ఎలా చూస్తారు? స్టెత్ పెడితే ఊపిరితిత్తుల్లో గురగుర లేకపోవడం, పల్స్ 80 దాటడం, పై బీపీ 80 దాటడం, చంకలు పొడిగా ఉండడం, పాప సూదిమొనలా లేకపోవడం. పాప ఒక్కటే చూసి చెప్పకండి. ఎక్కువైపోతే పేషెంట్ పెనుగులాడతాడు, జ్వరం వస్తుంది, మూత్రం బిగుస్తుంది, కడుపులో చప్పుడు ఆగిపోతుంది. ఈ గుర్తులు ముందు కనిపెట్టేది పక్కనే ఉన్న నర్సు.

రెండోది పాముకాటు. చెరకు, వేరుశనగ పొలాలున్న జిల్లా మనది. యాంటీ స్నేక్ వెనమ్ మన దేశంలో నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ కలిపి ఒకటే వస్తుంది. విషం ఎక్కిన లక్షణాలుంటే మామూలుగా 10 వయల్స్‌తో మొదలుపెడతారు, పిల్లలకూ అంతే, ఎందుకంటే పాము పిల్లవాడని తక్కువ విషం వదలదు. బరువుని బట్టి డోసు లెక్కకట్టే అలవాటుకి ఇదొక మినహాయింపు, వైవాలో తరచూ పడేది. ముందుగా టెస్ట్ డోసు అక్కర్లేదు, కానీ అడ్రినలిన్ సిరంజీలో లాగి సిద్ధంగా ఉండాలి: రియాక్షన్ వస్తే పెద్దవాళ్ళకు 0.5 ఎంజీ తొడ బయటివైపు కండరంలోకి.

లెక్కలు

సూత్రం ఒకటే: కావలసినది భాగించు ఉన్నది, ఇంటూ ఎంఎల్. సెఫ్ట్రియాక్సోన్ 1 గ్రాము 10 ఎంఎల్‌లో కలిపితే, 750 ఎంజీకి 7.5 ఎంఎల్. ఇది అందరికీ వస్తుంది. తప్పులు వచ్చేది సిరప్ దగ్గర. 10 కిలోల బిడ్డకు పారాసిటమాల్ కిలోకు 15 ఎంజీ చొప్పున 150 ఎంజీ. 5 ఎంఎల్‌లో 125 ఎంజీ ఉన్న సిరప్ అయితే 6 ఎంఎల్, 250 ఎంజీ ఉన్నదైతే 3 ఎంఎల్, ఎంఎల్‌కి 100 ఎంజీ ఉన్న డ్రాప్స్ అయితే 1.5 ఎంఎల్. ఒకే మందు, ఒకే బిడ్డ, మూడు జవాబులు. అందుకే తల్లికి "మూడు ఎంఎల్ పోయమ్మా" అని చెప్పి పంపితే సరిపోదు, ఏ సీసాలోదో చూపించి చెప్పాలి.

సెలైన్ చుక్కలకు: మొత్తం ఎంఎల్ ఇంటూ సెట్ మీద రాసిన డ్రాప్ ఫ్యాక్టర్, భాగించు నిమిషాలు. 500 ఎంఎల్ 4 గంటల్లో, 20 చుక్కల సెట్ అయితే 10,000ని 240తో భాగించండి, నిమిషానికి దాదాపు 42 చుక్కలు. మైక్రో సెట్ 60 చుక్కలది కాబట్టి గంటకు ఎన్ని ఎంఎలో నిమిషానికి అన్ని చుక్కలు, లెక్కే అక్కర్లేదు.

సిరంజీ పంపు లెక్కలో భయపెట్టేది యూనిట్ల మార్పిడి మాత్రమే. డోపమైన్ 200 ఎంజీని 50 ఎంఎల్ చేశారు, అంటే ఎంఎల్‌కి 4 ఎంజీ. 60 కిలోల మనిషికి కిలోకి నిమిషానికి 5 మైక్రోగ్రాములు కావాలి: నిమిషానికి 300 మైక్రోగ్రాములు, గంటకు 18,000, అంటే 18 ఎంజీ. 18ని 4తో భాగిస్తే గంటకు 4.5 ఎంఎల్. ముందు నిమిషాన్ని గంట చేయండి, తర్వాత మైక్రోని మిల్లీ చేయండి, ఆఖరున భాగించండి. ఈ వరస మార్చకండి. జవాబు వచ్చాక "ఇది నమ్మేలా ఉందా?" అని ఒకసారి అడగండి. ఒక డోసుకు ఎనిమిది ఆంప్యూళ్ళు పగలగొట్టాల్సి వస్తోందంటే డెసిమల్ ఎక్కడో జారిందేమో చూసుకోండి. (ఆర్గనోఫాస్ఫేట్ కేసులో అట్రోపిన్‌కి మాత్రం నిజంగానే అన్ని పగలగొడతారు, అది వేరే సంగతి.)

మళ్ళీ మళ్ళీ, కానీ చూడకుండా

కొత్తగా నేర్చుకున్నది మొదటి రోజుల్లోనే వేగంగా జారిపోతుందని జర్మన్ శాస్త్రవేత్త ఎబ్బింగ్‌హాస్ 1885లోనే తన మీద తాను ప్రయోగాలు చేసుకుని చూపించాడు. మందు ఏమిటంటే, జారిపోయే ముందు ఒకసారి గుర్తుచేసుకోవడం. చదవడం కాదు, గుర్తుచేసుకోవడం. హైలైటర్‌తో పేజీ అంతా పసుపు పూసి చదివేశామనుకునేవాళ్ళను చూస్తే నాకు జాలి.

అట్టపెట్టెలో మూడు అరలు చేయండి. కొత్త కార్డులు మొదటి అరలో, రోజూ. కరెక్ట్‌గా చెప్పినవి రెండో అరకు, మూడు రోజులకోసారి. మళ్ళీ వస్తే మూడో అరకు, వారానికోసారి. తప్పితే ఏ అరలో ఉన్నా మొదటికే. ఫోన్‌లో కావాలంటే ఆంకీ యాప్ ఇదే పని చేస్తుంది, కంప్యూటర్‌లోనూ ఆండ్రాయిడ్‌లోనూ ఉచితం. కానీ వేరేవాళ్ళు తయారుచేసిన పెద్ద డెక్కులు దించుకుని మునిగిపోకండి.

చిత్తూరు నుంచి తిరుపతికి రోజూ బస్సులో వచ్చిపోయేవాళ్ళు సీటు దొరకక పుస్తకం తీయలేరు. మీ గొంతుతోనే ప్రశ్న రికార్డు చేయండి, పది సెకన్లు ఖాళీ వదలండి, తర్వాత జవాబు. ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే ఆ ఖాళీలో మనసులో జవాబు చెప్పుకోవచ్చు. డ్యూటీ అయ్యాక, ఆ రోజు చూసిన ఒక్క పేషెంట్ కేస్ షీట్‌లోని మందులన్నీ పేపర్ మీద రాసి మూడు ప్రశ్నలు వేసుకోండి (పేరు, ఐపీ నంబర్ రాయొద్దు). మంచం మీద మనిషి గుర్తుంటే మందు గుర్తుంటుంది.

ఏం చదవాలి, ఏం వదలాలి

మీ కాలేజీ చెప్పిన టెక్స్ట్‌బుక్ ఒకటి చాలు, మూడు కొనొద్దు. ఏ మందులు ముఖ్యం అన్న జల్లెడకి జాతీయ అత్యావశ్యక మందుల జాబితా, 2022ది, ఉచితంగా దొరుకుతుంది. అందులో 384 మందులు. పుస్తకంలో ఉండి ఇందులో లేనిదాన్ని రెండో విడతకు వదిలేయండి. కడుపులో ఆసిడ్‌కి వాడే రానిటిడిన్‌ని ఈ జాబితా నుంచి తీసేశారు, పాత నోట్స్‌లో మాత్రం ఇంకా మొదటి పేజీలోనే ఉంటుంది.

యూట్యూబ్‌లో అమెరికా లైసెన్స్ పరీక్ష కోసం చేసిన వీడియోలు బాగుంటాయి, చూడండి, కానీ జాగ్రత్త. వాళ్ళు ఎసిటమినోఫెన్ అంటే మన పారాసిటమాల్, ఆల్బ్యుటెరాల్ అంటే సాల్బ్యుటమాల్, ఎపినెఫ్రిన్ అంటే అడ్రినలిన్, మెపెరిడిన్ అంటే పెథిడిన్. 40 యూనిట్ల ఇన్సులిన్ ఊసు వాళ్ళ వీడియోల్లో ఉండదు. డోసుల విషయంలో ఎప్పుడైనా మీ వార్డు ప్రోటోకాల్, డాక్టర్ ఆర్డర్ ఇవే లెక్క, నేను పైన రాసిన అంకెలు కూడా చదువు కోసమే.

వైవాకి కార్డులతోనే జతగా కూర్చోండి, ఒకరు ఎగ్జామినర్, ఒకరు స్టూడెంట్. "డిగాక్సిన్ ఇస్తున్నావ్, ఏం చేస్తావ్?" అంటే మెకానిజంతో మొదలుపెట్టొద్దు. "ఒక నిమిషం ఎపికల్ పల్స్ చూస్తాను మేడమ్, పొటాషియం రిపోర్టు చూస్తాను" అని మొదలుపెట్టండి, మెకానిజం వాళ్ళే అడుగుతారు. థియరీ పేపర్‌లో కూడా నర్సు బాధ్యతలు అన్న భాగాన్ని ఆఖరున రెండు లైన్లు గీకకుండా మూడు ప్రశ్నల వరసలో రాయండి.

ఇంకొక్కటి. మందు వల్ల పేషెంట్‌కి ఏదైనా తేడా చేసిందని అనుమానం వస్తే దాన్ని రిపోర్టు చేయడం నర్సులూ చేయొచ్చు. భారత ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమం 2010లో మొదలైంది, టోల్ ఫ్రీ నంబర్ 1800-180-3024, మెడికల్ కాలేజీ ఆస్పత్రులు చాలావాటిలో దీనికి సెంటర్ ఉంటుంది. పోస్టింగ్‌లో ఉన్నప్పుడు ఆ ఫారం ఒకటి అడిగి తీసుకుని, మీ ట్యూటర్ మేడమ్‌ని పక్కన కూర్చోబెట్టుకుని ఉత్తుత్తి కేసుతో నింపి చూడండి. ఏ మందు, ఎంత డోసు, ఎప్పుడు మొదలుపెట్టారు, ఎప్పుడు తేడా వచ్చింది, ఆపితే తగ్గిందా అని ఆ ఫారం అడుగుతుంది.